కారు మారింది, ట్రైలర్ ఊగింది: ట్రాక్‌కు పోర్షె 911ను తీసుకెళ్ళడానికి ఓపెన్ ట్రైలర్ ఎంచుకున్న ఒక కేసు

నేపథ్యం

డల్లాస్ ప్రాంతంలో స్పోర్ట్స్ కార్లను ట్రాక్‌కు సిద్ధం చేసే వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. బ్రేకులు, అలైన్‌మెంట్, నాలుగు చక్రాల కింద తూకాలు పెట్టి బరువు సరిచూడడం మా రోజువారీ పని. దానితోపాటు కారును ట్రాక్ దాకా ఎలా చేర్చాలన్న ప్రశ్న కూడా మా దగ్గరికే వస్తుంది. ఇక్కడివారికి దగ్గరలో క్రెస్సన్‌లో మోటర్‌స్పోర్ట్ ర్యాంచ్, డికేటర్ వైపు ఈగిల్స్ కాన్యన్ అనే రేస్ ట్రాకులు ఉన్నాయి. కాస్త దూరం వెళ్ళగలిగితే ఆస్టిన్‌లో 2012లో మొదలైన సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్, ఉత్తరాన ఓక్లహోమాలో హాలెట్ ఉన్నాయి. ట్రాక్ మీద రోజంతా తిప్పిన కారుకు సాయంత్రానికి బ్రేకు ప్యాడ్లు అరిగిపోతాయి, టైర్లు చివరికొస్తాయి, ఒక్కోసారి కారు కదలనే కదలదు. అలాంటి కారునే నడుపుకుంటూ వందల మైళ్ళు తిరిగి రావడం మంచిది కాదు. అందుకే కొన్నాళ్ళకు ప్రతి ఒక్కరూ ట్రైలర్ గురించి ఆలోచిస్తారు.

ఈ కేసులోని వ్యక్తి ఒక తెలుగు ఉద్యోగి. గుర్తుపట్టే వివరాలు వదిలేస్తున్నాను. ఆయన కొన్నేళ్ళపాటు మాజ్దా మియాటాను ట్రాక్‌లో నడిపారు. దాన్ని లాగింది ఇంట్లో ఉన్న మూడు వరుసల ఎస్‌యూవీయే. దాని లాగుడు పరిమితి 5,000 పౌండ్లు, వెనుక ట్రైలర్‌ను తగిలించే హిచ్ బంతి మీద పడదగిన బరువు 500 పౌండ్లు. ట్రైలర్ 16 అడుగుల స్టీలుది, రెండు ఇరుసులది, ఖాళీ బరువు 1,900 పౌండ్లు. డెక్ (కారు నిలిచే బల్ల) ముందు భాగంలో 15 అంగుళాల లోతున్న పెట్టె బిగించి, అందులో పనిముట్లు, దాని మీద నాలుగు ట్రాక్ టైర్లు, పక్కనే పెట్రోలు డబ్బాలు పెట్టుకునేవారు. అంతా కలిపి 320 పౌండ్లు. మియాటా 2,350. మొత్తం 4,570 పౌండ్లు. పరిమితికి లోపలే ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు.

తరవాత ఆయన మియాటాను అమ్మేసి 991 తరం పోర్షె 911 కొన్నారు. గేర్లు చేత్తో మార్చే రకం. ట్యాంకు సగం నిండి ఉండగా మా తూకం మీద 3,200 పౌండ్లు తూగింది. ట్రైలర్ అదే, ఎస్‌యూవీ అదే.

ఆయన తెచ్చిన సమస్య

వచ్చేటప్పటికే ఆయన మనసులో ప్రశ్నా జవాబూ రెండూ సిద్ధంగా ఉన్నాయి. కారు బరువు పెరిగింది, ట్రైలర్ ఊగుతోంది, కాబట్టి తేలికైన అల్యూమినియం ట్రైలర్ కొనాలి. ఏ కంపెనీది కొనమంటారు? ఇదీ ఆయన అడిగింది.

హాలెట్ నుంచి తిరిగి వస్తూ, ఐ-35 హైవే మీద ఆర్బకిల్ కొండల దగ్గర దిగువకు దిగుతుండగా ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటింది. ఆ గాలికి ట్రైలర్ ఒకసారి పక్కకు లాగింది, తరవాత రెండో పక్కకు, మూడోసారి ఇంకా ఎక్కువగా. ఆయన యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, బ్రేకు కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించారు. అది సరైన పని. ఆ క్షణంలో ఎస్‌యూవీ బ్రేకును గట్టిగా తొక్కి ఉంటే ట్రైలర్ ముందుకు తోసుకొచ్చి బండిని అడ్డం తిప్పేది. బండి వేగం తగ్గాక ఊపు ఆగింది.

విషయమంతా విన్నాక నాకు పనికొచ్చిన మాట ఆయన భార్య చెప్పారు. ఆ ప్రయాణంలో ఆమె పక్క సీట్లోనే ఉన్నారు. "వెళ్ళేటప్పుడు ఇంతగా ఊగలేదండీ. కొంచెం కదిలింది కానీ భయం వేయలేదు. వచ్చేటప్పుడే ఇలా అయింది" అన్నారు.

అదే కారు, అదే ట్రైలర్, అదే రోడ్డు. మొత్తం బరువు వచ్చేటప్పుడు తగ్గుతుందే తప్ప పెరగదు. బరువే కారణమైతే వెళ్ళేటప్పుడు ఎక్కువ ఊగాలి. కాబట్టి దోషం ఎంత బరువు అన్నదాంట్లో లేదు, ఆ బరువు ఎక్కడ ఉందన్నదాంట్లో ఉందని అప్పుడే అనుమానించాను. ట్రైలర్ల జాబితా పక్కన పెట్టి ముందు కొలతలు తీద్దామని చెప్పాను.

కొలతలు చెప్పిన సంగతి

ఎడ్లబండి నింపిన ఊళ్ళో పెద్దవాళ్ళకు ఈ విషయం కొత్త కాదు. బస్తాలు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకు పడితే ఎద్దుల మెడ విరుగుతుంది. కాడి మీద కొంత బరువు ఉండి తీరాలి, మరీ ఎక్కువ ఉండకూడదు. ట్రైలర్‌లో కాడి స్థానంలో ఉండేది హిచ్ బంతి. దాని మీద పడే బరువును టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్, సరుకు కలిపిన మొత్తంలో అది 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 10 కంటే తగ్గితే, గాలి ఒక్కసారి పక్కకు నెట్టాక ఊపు తనంతట తాను తగ్గే గుణం తగ్గిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. ఆర్బకిల్ దగ్గర జరిగింది సరిగ్గా ఇదే.

ఆయన చెప్పిన ప్రకారమే కారును ఎక్కించి, హిచ్ కింద తూకం పెట్టాం. బయలుదేరే స్థితిలో, అంటే డబ్బాలు నిండుగా ఉండగా, 406 పౌండ్లు చూపించింది. మొత్తం 5,420లో అది 7.5 శాతం. డబ్బాలు దించి, 911 ట్యాంకు దాదాపు ఖాళీగా ఉండగా మళ్ళీ తూచితే 308 పౌండ్లు. 6 శాతం కూడా లేదు.

మియాటాతో రాని సమస్య 911తో ఎందుకు వచ్చిందో చక్రాల తూకమే చెప్పింది. మియాటాలో ముందు, వెనుక చక్రాలు బరువును ఇంచుమించు సమంగా పంచుకుంటాయి. 911 ఇంజను వెనుక ఇరుసుకు వెనకాల ఉంటుంది. మా తూకం మీద ముందు చక్రాల కింద 39 శాతం, వెనుక చక్రాల కింద 61 శాతం వచ్చింది. 911 ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 96.5 అంగుళాలు. అంటే బరువు కేంద్రం ముందు చక్రాలకు 59 అంగుళాలు వెనక ఉంది. మియాటాలో ఆ దూరం 44 అంగుళాలే. ముందు చక్రాలను పాత గుర్తు దగ్గరే ఆపితే, బరువు కేంద్రం 15 అంగుళాలు వెనక్కి జరిగినట్టు.

ఆయన కారును పాత గుర్తు కంటే ముందుకే జరిపారు, ముక్కు పెట్టెకు ఇంచుమించు ఆనేదాకా. అక్కడికి 8 అంగుళాలే దొరికాయి. ఆ స్థితిలో కొలిస్తే కారు బరువు కేంద్రం ట్రైలర్ రెండు ఇరుసుల నడిమధ్యకు సరిగ్గా ఒక అంగుళం ముందు ఉంది. 3,200 పౌండ్ల కారు హిచ్ మీద మోపుతున్నది 20 పౌండ్లు. మిగిలిన టంగ్ వెయిటంతా ట్రైలర్ చట్రానిదీ, ముందున్న పెట్టె, టైర్లు, పెట్రోలుదీ. పెట్రోలు ఖర్చయిపోతే ఆ కాస్తా పోతోంది. 911లో ట్యాంకు ముందు భాగంలో ఉంటుంది కాబట్టి అది ఖాళీ అయినప్పుడు కూడా బరువు వెనక్కే జరుగుతుంది. తిరుగు ప్రయాణంలో ఊగడానికి కారణం ఇది.

పనిచేయని ఉపాయాలు

మా దగ్గరికి రాకముందే ఆయన ఒక వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొని బిగించుకున్నారు. ఊగకుండా ఘర్షణతో ఆపే ఏర్పాటు కూడా ఉన్న రకం. దానితో ఈగిల్స్ కాన్యన్‌కు ఒకసారి వెళ్ళొచ్చారు. 55 మైళ్ళ వేగంలో బాగుందనీ, 65కు దగ్గరైతే మళ్ళీ కదులుతోందనీ చెప్పారు. ఈ పరికరం చేసే పని ఒక్కటే. హిచ్ మీద పడిన బరువులో కొంత భాగాన్ని స్ప్రింగు కడ్డీల ద్వారా బండి ముందు చక్రాలకు, ట్రైలర్ ఇరుసులకు పంచుతుంది. లేని టంగ్ వెయిట్‌ను అది పుట్టించలేదు. ఘర్షణ పట్టు ఊపును కొంతవరకు అణుస్తుంది, దాంతో ప్రమాదం మొదలయ్యే వేగం కాస్త పైకి జరుగుతుంది. నడిపేవారికి మాత్రం సమస్య తీరిందన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకమే నాకు ఎక్కువ భయం. పైగా కొన్ని ఎస్‌యూవీల మాన్యువల్‌లో ఈ రకం హిచ్ వాడవద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. కొనేముందు ఆ పేజీ చదవాలి.

రెండోది, కారును వెనుకగా ఎక్కించడం. 911 వాళ్ళలో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. వెనుక చక్రాలు ట్రైలర్ ముందు వైపు ఉంటే, బరువు కేంద్రం వాటికి 38 అంగుళాల దూరంలోనే ఉంటుంది. ఈ పాత 16 అడుగుల డెక్ మీదే లెక్క చక్కగా కుదిరింది. 12 శాతం టంగ్ వెయిట్‌కు కావలసిన చోట కారు నిలబడింది, పెట్టెకూ తగల్లేదు. వర్క్‌షాపు ఆవరణలో ఎక్కించి చూశాం.

కుదరనివి ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. ముందు బంపరు డెక్ చివర దాటి ఎనిమిది అంగుళాలు బయటికి వచ్చింది. క్లచ్ మీద ఆడుతూ ఏటవాలు ర్యాంపుల మీద వెనక్కి ఎక్కించడంలో క్లచ్ కాలిన వాసన వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం తలుపు. ఈ ట్రైలర్‌కు ఎడమ ఫెండర్ (చక్రాల మీది రేకు కప్పు) మాత్రమే విప్పి తీయగలిగేలా ఉంది, ఎందుకంటే కారు ముక్కు ముందుకు ఉంటే డ్రైవరు తలుపు ఎడమ వైపే తెరుచుకుంటుంది. కారు తిరగబడితే డ్రైవరు తలుపు కుడివైపుకు వస్తుంది. అక్కడి ఫెండర్ కదలదు. ఆయన కిటికీలోంచి బయటికి రావలసి వచ్చింది. పగలంతా ట్రాక్ మీద అలసిపోయిన మనిషి చీకట్లో, వర్షంలో ఈ పని చేయాలంటే ఏదో ఒక రోజు కారుకో, కాలికో దెబ్బ తప్పదు. పట్టీలు సరిగ్గా బిగించాల్సిన సమయంలో విసుగు పుట్టించే ఏ ఏర్పాటునైనా నేను వద్దంటాను.

వెనుకగా ఎక్కించినా తీరని లోటు ఇంకొకటి ఉంది. 5,420లో 12 శాతం అంటే 650 పౌండ్లు. ఎస్‌యూవీ హిచ్ పరిమితి 500. అసలు మొత్తమే 5,000 దాటిపోయింది. కాబట్టి ఆ ప్రయోగం ఆవరణ దాటి రోడ్డు మీదికి వెళ్ళలేదు.

అల్యూమినియం ప్రశ్న

ఆయన మొదట అడిగిన దానికి నేను జవాబు చెప్పాల్సిన చోటు ఇదే. 16 అడుగుల అల్యూమినియం ట్రైలర్ 1,450 పౌండ్లు అనుకుందాం. కారు నిండు ట్యాంకుతో 3,250. సామాను కొంచెం తగ్గించి 250. మొత్తం 4,950. కాగితం మీద 5,000 లోపే ఉంది. ఎస్‌యూవీని మార్చనక్కర్లేదు. ఆయన ముఖం వెలిగింది.

ఇక్కడే ఆగి రెండో సంఖ్య చూడాలి. 4,950లో 10 శాతం 495 పౌండ్లు, పరిమితి 500. అంటే కింద ఉండకూడని గీత, పైన దాటకూడని గీత రెండూ ఒకేచోట కలిశాయి. కారును ఒక్క అంగుళం ముందుకు జరిపితే హిచ్ మీద 20 పౌండ్లు పెరుగుతాయి. డబ్బాలో పెట్రోలు అయిపోతే తగ్గుతాయి. వెళ్ళేటప్పుడు పరిమితికి సరిపోయేలా పెడితే వచ్చేటప్పుడు 8 శాతానికి పడిపోతుంది. ఆ రెండు గీతల మధ్య మనిషి నిలబడడానికి చోటు లేదు. లాగుడు పరిమితి అని ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే 5,000 కంటే, మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉండే 500 ముందుగా అడ్డు తగులుతుంది. నేను చూసిన కుటుంబ ఎస్‌యూవీలన్నిటిలోనూ వరస ఇదే.

ఇంకొక లెక్క కూడా ఆయనకు వేసి చూపించాను. హిచ్ బంతి వెనుక ఇరుసుకు దాదాపు 50 అంగుళాలు వెనక ఉంటుంది, బండి రెండు ఇరుసుల మధ్య దూరం 114 అంగుళాలు. పరిమితి దాటినా సరేనని 12 శాతానికి దగ్గరగా బంతి మీద 580 పౌండ్లు మోపితే వెనుక ఇరుసు మీద పెరిగేది 580 కాదు, 830. ముందు చక్రాల మీద నుంచి 250 లేచిపోతాయి. స్టీరింగు తిప్పేదీ, బ్రేకుల్లో ఎక్కువ భాగం పట్టేదీ ఆ ముందు చక్రాలే.

మూసిన ట్రైలర్ గురించి కూడా ఆయన అడిగారు. రాళ్ళు తగలవు, దొంగలకు కనిపించదు, వాన తడవదు. కానీ ఖాళీగానే 3,000 పౌండ్లు దాటుతుంది, నిలువెత్తు గోడలాంటి ముందు భాగంతో గాలిని ఎదుర్కోవాలి. ఓక్లహోమా గాలుల్లో ఈ ఎస్‌యూవీతో దాని మాటే ఎత్తకూడదు. ఒకే ఇరుసు ట్రైలర్ ఆలోచనను ఇంకా త్వరగా వదిలేశాం. 3,500 పౌండ్ల ఇరుసు ఒక్కటి ఈ కారును, తన చట్రాన్ని కలిపి మోయలేదు.

నిర్ణయం

మా చర్చ చివరికి ట్రైలర్ దగ్గర కాక లాగే బండి దగ్గర తేలింది. ఎస్‌యూవీని ఎలాగూ మార్చాలని ఆ ఇంట్లో ముందే అనుకుంటున్నారు. అల్యూమినియం మీద పెట్టదలచిన డబ్బును అటు మళ్ళించమని చెప్పాను. భార్యాభర్తలు మాట్లాడుకుని, వాడిన హాఫ్‌టన్ తరగతి పికప్ ట్రక్కు ఒకటి తీసుకున్నారు. నాలుగు తలుపులది, ఫ్యాక్టరీలోనే లాగుడు సామగ్రి బిగించినది. కొనేముందు డ్రైవరు తలుపు చట్రం మీది పసుపు, తెలుపు చీటీ ఫోటో పంపమన్నాను. మనుషులు, సామాను కలిపి ఎంత మోయవచ్చో ఆ చీటీలో ఉంటుంది. ఒకే మోడల్‌లో కూడా ఒక్కో బండికి ఒక్కో అంకె ఉంటుంది కాబట్టి ప్రకటనను నమ్మకూడదు. దీనికి 1,620 పౌండ్లు ఉంది.

బండి మారాక ట్రైలర్ ఎంపిక తేలికైంది. తేలికదనం ఇక మొదటి షరతు కాదు, పొడవు మొదటి షరతు. కారును ముందుకు వెనక్కు జరుపుకునే చోటు ఉండాలి. 18 అడుగుల స్టీలు ట్రైలర్ ఎంచుకున్నాం. ఖాళీ బరువు 2,150, మొత్తం సామర్థ్యం 7,000 పౌండ్లు, 3,500 చొప్పున రెండు ఇరుసులు. 20 అడుగులది కూడా చూశాం. ఈ కారుకు ఆ అదనపు రెండు అడుగులతో పనిలేదు, పైగా నిలిపే చోటు దొరకడం కష్టం. ఫెండర్ల మధ్య వెడల్పు 82 అంగుళాలు, కారు 71. మలుపు తిప్పుకుంటూ ఎక్కించేటప్పుడు ఆ మిగులు కావాలి.

బ్రేకుల విషయంలో నేను బేరానికి ఒప్పుకోను. రెండు ఇరుసులకూ ఎలక్ట్రిక్ బ్రేకులు ఉండాలని పట్టుబట్టాను. టెక్సస్ చట్టం 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలంటుంది. రెండు ఇరుసుల్లో ఒకదానికే బ్రేకులున్న ట్రైలర్లు కూడా అమ్మకానికి దొరుకుతాయి, కాస్త చవకగా. దిగువకు దిగే రోడ్డు మీద ఆ మిగిలిన డబ్బుకు విలువ లేదు. హిచ్ ఊడితే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పట్టుకునే బ్రేక్‌అవే స్విచ్, దాని బ్యాటరీ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తీగ లాగి చూశాం.

ర్యాంపుల దగ్గర కొంత ఆలోచించాల్సి వచ్చింది. డెక్ ఎత్తు 22 అంగుళాలు. వెనుక చివర కిందికి వంగి ఉన్న భాగం వల్ల అది 17 అయింది. ట్రైలర్‌తో వచ్చిన ఐదడుగుల ర్యాంపులతో వాలు 16 డిగ్రీలు దాటుతుంది. ఈ 911 ముక్కు నేలకు తగలకుండా ఎక్కగలిగేది 10 డిగ్రీల చుట్టుపక్కల. విడిగా ఎనిమిదడుగుల అల్యూమినియం ర్యాంపులు కొనిపించాం. వాటితో వాలు 10 డిగ్రీల దగ్గరికి దిగింది. హిచ్ జాక్‌తో ట్రైలర్ ముందు భాగాన్ని, దానితోపాటు బండి వెనుక భాగాన్ని కాస్త పైకి ఎత్తితే తోక ఇంకా కిందికి దిగుతుంది, దాంతో ముక్కు సురక్షితంగా ఎక్కుతుంది. ఎక్కించేటప్పుడు ట్రైలర్ బండికి తగిలించే ఉండాలి. విడిగా ఉన్న ట్రైలర్ మీదికి కారు ఎక్కితే బరువు వెనుక పడ్డ క్షణంలో ముందు భాగం గాలిలోకి లేస్తుంది.

డెక్‌కు అతికిన స్థిరమైన కట్టుడు రింగులు పాత కార్ల కొలతకు సరిపోతాయి, ఈ కారు నిలవాల్సిన చోటుకు సరిపోలేదు. డెక్ రెండు పక్కలా జారే పట్టాలు బోల్టులతో బిగించాం. పట్టీలు చక్రాల మీదుగా వేసే రకం, ఒక్కోటి 3,333 పౌండ్ల పని పరిమితి ఉన్నవి, నాలుగు. చక్రాలను కట్టేస్తే కారు సస్పెన్షన్ దాని పని అది చేసుకుంటుంది. చట్రానికి కట్టి కిందికి లాగితే గుంతల్లో సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు పట్టీ వదులై కొక్కెం ఊడే ప్రమాదం ఉంది.

ఎలా కుదిర్చాం

కారు ఎక్కడ నిలవాలన్నది వెళ్ళే స్థితిని చూసి నిర్ణయించలేదు, వచ్చే స్థితిని చూసి నిర్ణయించాం. ముందు డబ్బాలు ఖాళీ చేసి, ట్యాంకులో కొంచెమే ఉంచి, టంగ్ వెయిట్ 10 శాతం కంటే బాగా పైన ఉండే చోటు వెతికాం. ముక్కుకూ పెట్టెకూ మధ్య మూడు అంగుళాలు మిగిలిన చోట 615 పౌండ్లు వచ్చింది, మొత్తంలో 11 శాతం. అక్కడే కారును ఉంచి డబ్బాలు, ట్యాంకు నింపితే 725 పౌండ్లు, 5,720లో 12.7 శాతం. రెండు స్థితులూ 10కీ 15కీ మధ్యలోనే ఉన్నాయి. ముందు చక్రాలు ఆగాల్సిన చోట డెక్‌కు ఒక చక్రపు అడ్డు బోల్టు చేశాం.

పికప్ రిసీవర్ (హిచ్ దూర్చే గొట్టం) మీది చీటీలో రెండు వరసలు ఉన్నాయి. మామూలు హిచ్‌తో 500 పౌండ్లు, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో అంతకు రెట్టింపు. 725 పౌండ్లకు ఆ హిచ్ తప్పనిసరి. ఆయన ముందే కొనుక్కుని నిష్ఫలమైన ఆ పరికరం ఇక్కడ దాని అసలు పని చేసింది, ఎందుకంటే ఇప్పుడు పంచడానికి హిచ్ మీద బరువు ఉంది. స్ప్రింగు కడ్డీలు బిగించక ముందు, బిగించిన తరవాత ముందు చక్రాల మీది ఫెండర్ ఎత్తు కొలిచి సరిచేశాం.

మనుషులు 430, ఇంటి సామాను 150, హిచ్ 90, టంగ్ వెయిట్ 725, మొత్తం 1,395 పౌండ్లు. 1,620 పరిమితిలో ఇంకా చోటుంది. తరవాత హైవే పక్కన లారీల తూకం మీదికి వెళ్ళి, ట్రైలర్‌తో ఒకసారి, విడిగా ఒకసారి తూచి, కాగితం మీది లెక్కతో సరిపోల్చుకున్నాం. ఇరవై, ముప్పై పౌండ్ల తేడా తప్ప సరిపోయింది. ఈ తూకానికి అయ్యే ఖర్చు ఒక పూట భోజనం కంటే ఎక్కువ కాదు, అయినా చేసేవారు అరుదు. దయచేసి చేయించండి.

ఆ తరవాత ఆ కుటుంబం అదే హాలెట్‌కు, అదే కొండల మీదుగా వెళ్ళి వచ్చింది. 65 మైళ్ళు దాటవద్దన్నాను, దాటలేదట. లారీలు దాటినప్పుడు బండి ఒకసారి పక్కకు జరిగి వెంటనే సర్దుకుందని ఆయన చెప్పారు. ఆమె తిరుగు ప్రయాణంలో నిద్రపోయానన్నారు. నాకు అందిన నివేదికల్లో అంతకంటే నమ్మదగినది లేదు.

ఇతర కేసులకు పనికొచ్చేవి

ఇంజను వెనుకో మధ్యలోనో ఉన్న కారుకు ట్రైలర్ కొంటున్నవారు దుకాణానికి వెళ్ళే ముందే కారు ముందు, వెనుక చక్రాల కింద విడివిడిగా తూచుకోవాలి. ఆ రెండు అంకెలు, ఇరుసుల మధ్య దూరం, ముందు చక్రం నుంచి ముక్కు చివరి వరకు దూరం, ఈ నాలుగూ చేతిలో ఉంటే, ట్రైలర్ డెక్ మీద టేపు పెట్టి అక్కడికక్కడే కుదురుతుందో లేదో చెప్పవచ్చు. అమ్మేవారు మొత్తం సామర్థ్యం చెబుతారు. ఇరుసుల నడిమధ్య డెక్ ముందు అంచు నుంచి ఎన్ని అంగుళాల్లో ఉందో అడగండి. నాకు కావలసింది ఎప్పుడూ ఆ అంకె. ఇంజను ముందున్న కారు ఉన్నవారికి 16 అడుగులు హాయిగా సరిపోవచ్చు. ఈ కేసు చూసి అందరూ 18కి పరిగెత్తనక్కర్లేదు.

అల్యూమినియం మీద నాకు వ్యతిరేకత లేదు. తుప్పు పట్టదు, విప్పిన ట్రైలర్‌ను ఒక్కరే చేత్తో జరుపుకోవచ్చు, తిరిగి అమ్మితే మంచి ధర వస్తుంది. లాగే బండికి తగినంత బలం ఉండి, అదనంగా డబ్బు ఉన్నవారు తప్పక కొనుక్కోవాలి. బలం చాలని బండిని గట్టెక్కించడానికి మాత్రం కొనకూడదు.

ఈ కేసులో ఇంకా తేలనిది ట్రైలర్ నిలిపే చోటు. ఆయన కాలనీలో హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనల ప్రకారం ట్రైలర్‌ను ఇంటి ముందు ఉంచకూడదు. ముందున్న టంగ్‌తో కలిపితే 22 అడుగులు దాటుతుంది, గ్యారేజీలో పట్టదు. ప్రస్తుతానికి నెల అద్దె మీద బయటి స్థలంలో, ఎండలో ఉంటోంది. టెక్సస్ ఎండకు ట్రైలర్ టైర్ల అరుగుదల కనిపించకముందే రబ్బరు పగుళ్ళు తీస్తుంది. టైరు పక్క గోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ముద్రించి ఉంటుంది. ఐదారేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చమని చెప్పాను. టైర్లకు తెల్లని తొడుగులు వేయించాం. నీడ ఉన్న చోటు కోసం ఆయన వెతుకుతున్నారు.